నెంబరు లేని షికారు బండి

రోడ్డు దాటడానికి జీపుకి ఎద్దుల్ని కట్టిన మనిషి భూమ్మీద ఒక్కడే పుట్టాడు. తిరువూరు పక్క పల్లెలో పుట్టాడు. పేరు అంతోనయ్య.

పొలాల బాట మీద బుర్రుమని వచ్చి, తారురోడ్డు అంచున ఇంజను ఆపేసేవాడు. పక్క చేలో ఎవరు దున్నుతుంటే వాళ్ళనడిగి ఎద్దుల జత తెచ్చి జీపు ముందు కట్టేవాడు. పన్నెండడుగుల తారు మీద దాన్ని కట్టెల బండిలా లాగించి, అవతల గట్టు దిగాక ఎద్దుల్ని విప్పి, రైతుకి దణ్ణం పెట్టి, మళ్ళీ ఇంజను వేసేవాడు. గంపలగూడెం బస్సు డ్రైవరు ఈ తంతు చూడ్డానికి బస్సు ఆపేవాడు.

“ఏం బావా, ఇంజను చచ్చిందా?”

“బతికే ఉంది. రోడ్డు మీద దానికి ఊపిరాడదు” అనేవాడు అంతోనయ్య.

జనం నవ్వేవాళ్ళు. అతను నవ్వేవాడు కాదు. అతనికది రూలు. రూలంటే అతనికి జపమాలతో సమానం. పద్నాలుగేళ్ళు మిలిటరీలో బండి తోలినవాడు.

ఆ జీపు పుట్టుక కూడా చెప్పాలి. అంతోనయ్య నాన్న, ఊళ్ళో పెద్ద ఆసామి వీరరాఘవయ్య గారింట్లో పాలేరు. ఆ ఇంటి సవారీ బండిని ముప్పై ఏళ్ళు తోలాడు, ఒక్కరోజూ లోపల కూర్చోలేదు. కొడుకు మిలిటరీలో చేరితే కాలం మారిందనుకున్నాడు. మారింది ఎద్దులే. ఎక్కడో మంచుకొండల కింద, ఆదివారం పూట ఆఫీసర్లూ వాళ్ళ భార్యలూ ఏటి ఇసుకలో జీపు షికారుకి పోయేవాళ్ళు. రాళ్ళ మీద ఎగురుతూ, నీళ్ళు చిమ్ముకుంటూ, కేకలు పెట్టేవాళ్ళు. తోలేది అంతోనయ్య. కేకలు పెట్టేది వాళ్ళు. డెబ్బై రెండులో ఇంటికొచ్చాక భార్య జోజమ్మతో అన్న మాట ఇది.

“పద్నాలుగేళ్ళు షికారు చేయించానే. చెయ్యలేదు.”

“అయితే చెయ్యి. ఎవరొద్దన్నారు?” అంది జోజమ్మ. మగడు లేని పద్నాలుగేళ్ళూ వరినాట్లు వేసి ఇల్లు నిలబెట్టిన మనిషి. ఆమె నోట్లోంచి ఊరికే మాట రాదు.

మిలిటరీవాళ్ళు పారేసిన బళ్ళను డిస్పోజల్సు అని వేలం వేసేవాళ్ళు. అంతోనయ్య ఒకచోట అడుగు చట్రం కొన్నాడు, ఇంకోచోట ఇంజను, మూడోచోట గేరుబాక్సు. రెండెడ్లబళ్ళ మీద తాటాకుల పాకలోకి చేర్చాడు. రెండేళ్ళు అతుకులు వేశాడు. ముందు ఎడమ స్ప్రింగులో ఒక పట్టీ తక్కువైతే ఎడ్లబండి చక్రం కమ్మి కొట్టి సరిపెట్టాడు. సీట్లకి కొబ్బరి పీచూ గోనెసంచులూ. డెబ్బై నాలుగులో ఒక ఆదివారం అది మొదటిసారి దగ్గినప్పుడు, ఆ మోతకి విస్సన్నపేటలో మామిడి పిందెలు రాలాయంటారు. మోతకే రాలాయో లేదో నాకు తెలియదు. పిందెలు రాలిన మాట మాత్రం నిజం.

ఆ వేళ కట్టలేరు ఇసుకలో జోజమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పాడు. నీళ్ళలోకి దింపి, గట్టెక్కించి, మళ్ళీ దింపాడు. జోజమ్మ కేకలు పెట్టింది. చీర కుచ్చిళ్ళు తడిసి, కొప్పు ఊడి, నలభై ఏళ్ళ మనిషి పసిపిల్లలా అరిచింది. పల్లెంతా గట్టు మీద నిలబడి చూసింది. బతుకులో అంతోనయ్యకి కావలసింది అంతే. ఆదివారం పూజ అయ్యాక గంటసేపు, తన బండిలో, తన భార్య కేక.

అయితే బండికి నెంబరుండాలి కదా. తిరువూరుకి నెలకోసారి బ్రేకు ఇన్‌స్పెక్టరు వచ్చి, సర్కారు బంగళా ముందు బళ్ళన్నిటినీ నిలబెట్టి చూసి రాసిచ్చేవాడు. బ్రేకు ఇన్‌స్పెక్టరంటే మోటారు బళ్ళ అధికారికి మన జనం పెట్టుకున్న పేరు. అసలు పేరు ఎవరికీ తెలియదు. అంతోనయ్యకీ తెలియదు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గనక బ్రేకులే చూస్తాడనుకున్నాడు. వారంరోజులు బ్రేకులు తోమాడు. గుడ్డ పెట్టి తుడిచాడు. కొత్త రబ్బరు వాషర్లు వేశాడు. పెడలు మీద కాలు పెడితే చాలు, జీపు మేకుకి కట్టిన గిత్తలా ఆగేది. ఆ బ్రేకుల్ని వెంటేసుకుని, నెంబరింకా రాలేదు గనక రోడ్డెక్కకుండా, చేలకడ్డంపడి బంగళా దగ్గరికి పోయాడు.

ఇన్‌స్పెక్టరు బ్రేకు వంక చూడనే లేదు.

“కొన్న కాగితాలేవి?”

“మూడున్నాయండి. చట్రానికొకటి, ఇంజనుకొకటి, గేరుబాక్సుకొకటి.”

“మూడు తుక్కు చీటీలు తెచ్చి బండంటావేంటయ్యా? సరే, ఏ పనికి వాడతావు? సరుకా, పాసింజర్లా, వ్యవసాయమా?”

“షికారుకండి.”

అక్కడున్న గుమాస్తా కలం కింద పెట్టి నవ్వాడు. కొత్త ట్రాక్టరుకి నెంబరు కోసం వచ్చి కుర్చీలో కూర్చున్న వీరరాఘవయ్య గారు మరీ నవ్వారు. “షికారంటండీ! మా పాలేరు కొడుకు.”

ఇన్‌స్పెక్టరు చెడ్డవాడు కాదు. ఆ నవ్వు చూసి అతనికే మొహమాటమేసింది. “ఇదిగో మిలిటరీ! నీ దానికి నెంబరివ్వాలంటే నా ఉద్యోగం పోతుంది. రోడ్డెక్కనంతవరకూ నెంబరక్కర్లేదులే. చేలల్లో తిప్పుకో, పో” అన్నాడు.

ఆ మాటను అంతోనయ్య సువార్తలా పట్టుకున్నాడు. ఎద్దులు అందుకే. ఎద్దులు లాగితే అది ఎడ్లబండి, ఇంజను లాగితే మోటారు. రోడ్డు ఎక్కేది ఎడ్లబండే గనక రూలు తప్పలేదు. తెలివైన లెక్కే. రూలు రాసినవాళ్ళకి ఎద్దుల సంగతి తెలియకపోవడం అతని తప్పా?

వీరరాఘవయ్య గారికి నవ్వు బంగళా దగ్గరే అయిపోయింది. ఇంటికి పోయాక కడుపులో మంట మొదలైంది. ఆయనకి వేట పిచ్చి. తుపాకీ ఉంది, లైసెన్సు ఉంది, ట్రాక్టరుంది. ట్రాక్టరు మీద పోయి పందిని వేటాడిన మొనగాడు లేడు. అది వచ్చే చప్పుడుకి పందులు మధ్యాహ్నం భోజనం చేసి, కునుకు తీసి, తీరిగ్గా పారిపోయేవి. ఒకరోజు స్వయంగా పల్లెకొచ్చారు.

“ఏరా అంతోనీ, ఆ బండి ఆదివారం మా ఇంటికి పంపించు. నెమలి ఊరి అవతల గుట్టల్లో పందులు పడ్డాయంట. షికారుకి పోవాలి.”

“ఆదివారం బండి ఖాళీ లేదండి బాబుగారూ.”

“ఏం రాచకార్యముందిరా దానికి?”

“షికారుకి పోతన్నామండి. నేనూ జోజమ్మా.”

పెద్దవాళ్ళ షికారంటే వేట. అంతోనయ్య షికారంటే ఊరికే తిరగడం. మాట ఒకటే. దానిమీద ఇద్దరికీ హక్కుందని వీరరాఘవయ్య గారికి ఆ క్షణం దాకా తెలియదు. ఆయన ఇంటా వంటా ఎవరూ పల్లె నోట ‘ఖాళీ లేదు’ అన్న మాట వినలేదు. ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. తిడితే బాగుండేదని జోజమ్మ అప్పుడే అంది.

డెబ్బై ఆరు, మాఘమాసం, ఆదివారం. గుడిలో నడిపూజ జరుగుతోంది. ఫాదరు గారు అప్పం పైకెత్తారు, గంట మోగింది, అందరూ మోకాళ్ళ మీద తల వంచారు. ఆ నిశ్శబ్దంలో అంతోనయ్యకి తన ఇంజను వినపడింది. మొదట రెండు దగ్గులు, తర్వాత ఒక గురక, ఆ తర్వాత సాఫీ. తల్లికి బిడ్డ ఏడుపు తెలిసినట్టు తెలిసింది. జోజమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి తలెత్తి చూసింది. ఆమెకీ తెలిసింది.

నడిపూజలో లేవకూడదు. చిన్నప్పుడు సత్యోపదేశంలో నేర్పిన రూలు. అంతోనయ్య లేవలేదు. మోకాళ్ళు నేలకేసి నొక్కిపట్టి, చప్పుడు ఏ దిక్కు పోతోందో వింటూ, ఉన్నచోటే ఉన్నాడు. దొంగ ఎవడో గానీ వాడికి క్రైస్తవం బాగా తెలుసు.

పూజ అయ్యాక పరిగెత్తితే పాకలో నూనె మరక మిగిలింది. చక్రాల జాడ పొలాల్లోంచి తిన్నగా రోడ్డు దాకా పోయింది. రోడ్డు అంచున ఆగలేదు. ఎక్కింది. తారు మీద జాడ పడదు. రెండేళ్ళు ఒక్కసారి కూడా తన ఇంజనుతో రోడ్డెక్కని మనిషి అక్కడ నిలబడి, దొంగ ఎంత ధీమాగా ఎక్కాడో చూశాడు.

స్టేషన్లో హెడ్డు కానిస్టేబులు వెంకటప్పయ్య కాగితం తీశాడు. నిజానికి మంచివాడు.

“నెంబరు చెప్పు.”

“లేదండి.”

“నెంబర్లేని బండి పోవడమేంటయ్యా? పోయిందని ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలిసిందిగదండీ.”

“నీకు తెలిస్తే చాలదు. కాగితానికి తెలియాలి. దేనికి వాడతావు?”

“షికారుకి.”

లోపల గదిలోంచి ఎస్సై గారు కేక వేశారు. “షికారా? తుపాకీ ఎక్కడుందిరా? ఏం కొట్టావు, జింకనా?”

“ఆ షికారు కాదండి. ఊరికే తిరగడానికి.”

“ఊరికే తిరగడానికి నువ్వు బండి కొనుక్కున్నావు. నేను నమ్మాలి” అన్నారు ఎస్సై గారు. తలుపు మూసుకున్నారు.

వెంకటప్పయ్య గొంతు తగ్గించాడు. “చూడు మిలిటరీ, మోటారని రాస్తే ముందు నిన్నే లోపలేస్తారు, నెంబర్లేకుండా తోలావని. ఇనప సామాను పోయిందని రాస్తాను. అదైతే నీకు ఇబ్బంది లేదు. దొరికితే ఎలాగూ నీదేగా. సంతకం పెట్టు.”

మంచిమాటే. మంచివాడు చెప్పిన మాట. ఈ లోకంలో నిలువునా ముంచేది మంచివాళ్ళు చెప్పిన మాటలే, చెడ్డవాడి మాట ఎవరు వింటారు గనక! అంతోనయ్య సంతకం పెట్టాడు.

నాలుగు నెలలకి జీపు కనపడింది. వీరరాఘవయ్య గారి వాకిట్లో, ఆకుపచ్చ రంగు వేసుకుని, ఏపీకే అని మొదలయ్యే నెంబరు పలక కట్టుకుని, పెళ్ళికూతురులా నిలబడింది. ఆయన దాన్ని దాచనూ లేదు. బెజవాడ అవతల ఎక్కడో కాలవలో పడి ముక్కలైపోయిన జీపొకటి ఉండేది. దానికి ఒళ్ళు లేదు, కాగితాలున్నాయి. అంతోనయ్య జీపుకి ఒళ్ళుంది, కాగితాలు లేవు. వీరరాఘవయ్య గారు ఇద్దరికీ పెళ్ళి చేశారు. ఇంజను మీద పాత అంకెలు అరగదీసి కొత్తవి కొట్టించారు. వేరే ఊళ్ళో ఎవరో రాసిచ్చారు, ఇక్కడ ఎవరూ అడగలేదు.

అంతోనయ్య కోర్టుకెక్కాడు. ఎందుకు, వదిలెయ్యరాదా అని పల్లెలో పెద్దలందరూ అన్నారు. జోజమ్మ మాత్రం, “నాది నాదని చెప్పుకోడానికి నోరు కూడా అద్దెకి తేవాలా? పద” అంది.

డెబ్బై ఏడులో విచారణకొచ్చింది. జీపుని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టారు. అంతోనయ్య దాని చుట్టూ తిరిగి, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి, ప్రతి అతుకూ చెప్పాడు. ఎడమ స్ప్రింగులో ఎడ్లబండి కమ్మి చూపించాడు. మేజిస్ట్రేటు గారు స్వయంగా వంగి చూశారు. గుమిగూడిన జనం, ‘అయిపోయింది, గెలిచాడు’ అనుకున్నారు. అప్పుడు వీరరాఘవయ్య గారి ప్లీడరు లేచాడు.

“అంతోనయ్యా, ఈ సంతకం నీదేనా?”

“నాదేనండి.”

“ఏం పోయిందని రాసి ఉంది?”

“ఇనప సామానండి. అదీ, హెడ్డుగారు...”

“హెడ్డుగారి సంగతి అడగలేదు. ఇది ఇనప సామానా, జీపా?”

“జీపండి.”

“మరి నీది ఇనప సామాను కదా? పోయి అది వెతుక్కో.” కోర్టు నవ్వింది. ప్లీడరు నవ్వు ఆగేదాకా ఆగాడు. “పోనీ, ఈ జీపే నీదనుకుందాం. ఎక్కడ తోలేవాడివి?”

“కట్టలేట్లోనండి. రోడ్డెక్కలేదు. రూలు ప్రకారం...”

“కట్టలేరు ఎవరిది?”

“దేవుడిదండి.”

“దేవుడి పేరు రికార్డులో లేదు. అది ప్రభుత్వ భూమి. ఎవరైనా రావచ్చు, పోవచ్చు. అంటే బహిరంగ స్థలం. అక్కడ నెంబరు లేకుండా మోటారు తోలడం నేరం. ఇప్పుడు చెప్పు. జీపు నీదని అంటే రెండేళ్ళు నేరం చేసినవాడివి. నీది కాదంటే ఇంటికి పోవచ్చు.”

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు తీశారు. “ఆలోచించుకుని చెప్పవయ్యా” అన్నారు.

రూలు తప్పలేదనే ఒక్క ధీమా మీద అంతోనయ్య అంతవరకూ నిలబడ్డాడు. అది కూడా కాళ్ళకింద నుంచి పోయింది. ఏటి ఇసుకంతా రోడ్డేనన్నమాట. ఎద్దులన్నీ వృథా. వెనక్కి తిరిగి చూశాడు. జోజమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు.

“నాదేనండి. నేనే కట్టాను. నేనే తోలాను.”

తీర్పొచ్చింది. నెంబరు లేని బండి తోలినందుకు అంతోనయ్యకి జరిమానా. తానే ఒప్పుకున్నాడు గనక ఋజువక్కర్లేదు. బండి మాత్రం కాగితాలున్నవారిదే. ఒప్పుకున్నంత మాత్రాన సొత్తవదు గనక ఋజువు చాలదు. ఒకే నోటి మాట తప్పుకి చాలింది, సొత్తుకి చాలలేదు. బయటికొచ్చాక వెంకటప్పయ్య ఎదురుపడి, “నీ మేలుకే రాశానయ్యా” అన్నాడు. “తెలుసండి” అన్నాడు అంతోనయ్య. నిజంగానే తెలుసు. అందుకే తిట్టడానికి కూడా ఎవరూ మిగలలేదు.

ఆ తర్వాత అతను బియ్యం మిల్లులో ఇంజను చూసుకునే పనికి కుదిరాడు. ఎక్కడికి పోవాలన్నా నడిచిపోయేవాడు. బస్సు కూడా ఎక్కేవాడు కాదు. గంపలగూడెం బస్సు డ్రైవరు ఆపి, “రా బావా, టికెట్టొద్దులే” అన్నా చెయ్యి ఊపేవాడు.

డెబ్బై ఎనిమిది ఫిబ్రవరిలో ఎన్నికలొచ్చాయి. ఓటర్లని బళ్ళలో మొయ్యకూడదని రూలుంది. ఆ రోజు మొయ్యని బండి లేదు. పల్లె ఓట్లు తమవాళ్ళకే పడాలని వీరరాఘవయ్య గారు పొద్దున్నే జీపు పంపారు. కొత్త డ్రైవరు దాన్ని గుడి ముందు ఆపి హారను కొట్టాడు. ఆడవాళ్ళు ఎక్కడానికి జంకుతూ అంతోనయ్య వంక చూశారు. అతను గోడ నీడన నిలబడి ఇంజను వింటున్నాడు.

జోజమ్మ వచ్చింది. పండక్కి కట్టే చీర కట్టుకుంది. తిన్నగా పోయి ముందు సీట్లో కూర్చుంది.

“ఏవమ్మా, ముందు సీటు పెద్దవాళ్ళకి. వెనక్కి పో” అన్నాడు డ్రైవరు.

“ఇది నా సీటు. పీచు నేనే కుక్కాను. నువ్వు తోలు” అంది జోజమ్మ.

పోలింగు బూతు దగ్గర అందరూ దిగారు. జోజమ్మ దిగలేదు. ఓటుకి పోనూ లేదు. జీపు మళ్ళీ పల్లెకి పోయింది, ఆమెతోనే. మళ్ళీ వచ్చింది, ఆమెతోనే. తారురోడ్డు మీద, ఎద్దుల్లేకుండా. మూడోసారి వచ్చినప్పుడు వీరరాఘవయ్య గారే దగ్గరికొచ్చారు. జీపు వెనక సీట్లలో పల్లె ఆడవాళ్ళు పదిమంది, ఇంకా వెయ్యని పది ఓట్లు. ఆయన మొహాన నవ్వు అతికించుకున్నారు.

“ఏం జోజమ్మా, షికారు బాగుందా?”

“బాగుంది బాబుగారూ. మీదేమో పందుల షికారు, నాది ఓట్ల షికారు.”

ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆయన నవ్వుతూనే వెనక్కి తగ్గారు. ఆమెను చెయ్యి పట్టి దింపితే పల్లె మొత్తం ఎదురు తిరుగుతుంది. పోలింగయ్యేదాకా ఆ సీటు ఆమెది. తొమ్మిదిసార్లు పోయింది, తొమ్మిదిసార్లు వచ్చింది. పన్నెండని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఒక్కసారి కూడా కేక పెట్టలేదు.

అంతోనయ్య నడిచి వచ్చి ఓటు వేసి, బూతు ఎదుట కాలవ గట్టు మీద కూర్చున్నాడు. జీపు వచ్చిన ప్రతిసారీ జోజమ్మ డ్రైవరు సీటుని కళ్ళతో చూపించేది, వచ్చి తోలమన్నట్టు. అతను నేలకేసి చూసేవాడు.

ఐదయింది. బూతు తలుపులు మూశారు. వీరరాఘవయ్య గారు కుర్చీలోంచి లేచారు. మొహాన నవ్వు లేదు.

“ఇక దిగవే.”

జోజమ్మ కదల్లేదు. డ్రైవరు ఆమె జబ్బ మీద చెయ్యి వెయ్యబోయాడు. అంతోనయ్య అప్పటికే లేచి వచ్చాడు. డ్రైవరుకీ ఆమెకీ మధ్య నిలబడి చెయ్యి చాచాడు.

“దిగు జోజీ.”

“ఎందుకయ్యా?”

“ఐదయింది.”

ఆమె అతని చెయ్యి పట్టుకుని దిగింది. ఇద్దరూ పల్లె వైపు నడిచారు. చాలాదూరం పోయాక జోజమ్మ అంది.

“గేరు మార్చేటప్పుడల్లా అది ఏడుస్తందయ్యా. వాడికి తెలవడంలేదు.”

“వినపడింది” అన్నాడు అంతోనయ్య.

వెనకనుంచి జీపొచ్చింది. ముందు సీట్లో వీరరాఘవయ్య గారున్నారు. డ్రైవరు హారను కొట్టాడు. ఇద్దరూ రోడ్డు దిగి నిలబడ్డారు.